పొరుగు రాష్ట్రపు మిత్రునికి తుపాకి ఇచ్చుట ఎట్లు?

గ్రామములలో తుపాకి లైసెన్సు గలవారు కొలదిమందియే. అయినను ఆ కొలది తుపాకులను గూర్చిన చిక్కులు వచ్చినపుడు జనులు మొదట తట్టునది పంచాయతీ సభ్యుని తలుపే. "మా నాయన పోయినాడు, తుపాకి ఇంటిలోనే యున్నది, ఏమి చేయవలెను?" అని యొకరు, "మా స్నేహితునికి ఇచ్చుచున్నాను, సాక్షి సంతకము చేయుడు" అని మఱియొకరు వత్తురు. పొలము, ఇల్లు, ఎద్దులు మొదలగువాని క్రయవిక్రయములు ఎట్లు జరుగునో పంచాయతీ సభ్యులకు చక్కగా తెలియును. కాని తుపాకి విషయమున ఆ తెలివి చాలదు. సంతలో ఎద్దును అమ్మినట్లు తుపాకిని అమ్మిన యెడల అమ్మినవాడును, కొన్నవాడును, ఒక్కొక్కప్పుడు నడుమ నిలిచిన పెద్దమనుష్యులును చిక్కులలో పడుదురు.

కనుక ఈ పాఠమున మేము ఒక్క ప్రశ్నను ముఖ్యముగా విచారింతుము. లైసెన్సు గల ఒక గ్రామస్థుడు తన తుపాకిని పొరుగు రాష్ట్రమందలి స్నేహితునికి అమ్మదలచినను, ఉచితముగా ఇయ్యదలచినను చట్టప్రకారము నడువవలసిన త్రోవ ఏది?

ఒక ఉదాహరణము

అనంతపురము జిల్లాలో ఒక వేరుసెనగ రైతు ఉన్నాడనుకొందము. పంట కాపుదలకై చాల యేండ్ల క్రిందట ఆయన జోడుగొట్టముల తుపాకికి లైసెన్సు పొందినాడు. ఇప్పుడు వయస్సు డెబ్బది రెండు. కన్ను సరిగా ఆనదు. కుమారులు బెంగుళూరులో ఉద్యోగములు చేసికొనుచున్నారు. పొలము కౌలునకు ఇచ్చినాడు. కర్ణాటకములోని బళ్ళారి జిల్లాలో ఆయనకు చిరకాల మిత్రుడొకడు కలడు. "నీకు అక్కఱలేనిచో ఆ తుపాకి నాకిమ్ము. నేను లైసెన్సుకు అర్జీ పెట్టియున్నాను. నేడో రేపో వచ్చును" అని మిత్రుడడిగినాడు. ఇద్దఱును ధర మాటలాడుకొన్నారు. స్టాంపు కాగితముపై "ఈ దినము మొదలు ఈ తుపాకితో నాకు సంబంధము లేదు" అని వ్రాయించుకొని, వార్డు సభ్యునిచేత సాక్షి సంతకము చేయించినారు. మిత్రుడు తుపాకిని గోనెసంచిలో చుట్టుకొని బస్సెక్కినాడు.

ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు. దొంగసొత్తు కాదు. ధర చెల్లినది. కాగితము వ్రాయబడినది. సాక్షులున్నారు. పొలములు, పశువుల విషయమున ఇంతకంటె పెక్కు జాగ్రత్తలు మనలో ఎందఱు తీసికొనుచున్నారు? అయినను చట్టము దృష్టిలో ఈ బేరమంతయు నేరమే. ఎందువలననో ఒక్కొక్కటిగా చూతము.

చట్టము ఏది?

తుపాకుల విషయమున దేశమంతటికిని వర్తించునది 1959 వ సంవత్సరపు ఆయుధముల చట్టము. బ్రిటిషువారి కాలపు 1878 నాటి చట్టమునకు బదులుగా పార్లమెంటు దీనిని చేసినది. 1962 అక్టోబరు 1 వ తేది నుండి ఇది అమలులోనికి వచ్చినది. దీని క్రింద ఇప్పుడు నడచుచున్నవి 2016 నాటి ఆయుధముల నియమావళి. 2019 లో చట్టమును సవరించి, శిక్షలను పెంచినారు. ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండునకు తగ్గించినారు. లైసెన్సు కాలపరిమితిని మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెంచినారు.

ఇది కేంద్రచట్టము గనుక ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను, కర్ణాటకమునను ఒక్కటే. అయితే లైసెన్సు సంగతి వేఱు. ఒక లైసెన్సు ఒక జిల్లాకు మాత్రమే చెల్లవచ్చును, ఒక రాష్ట్రమునకు చెల్లవచ్చును, దేశమంతటికి చెల్లవచ్చును. అది ఎంతవఱకు చెల్లునో లైసెన్సులోనే వ్రాసియుండును. చట్టమునకు రాష్ట్రపు సరిహద్దు అడ్డు రాదు. లైసెన్సునకు వచ్చును. ఈ భేదమును సభ్యులు బాగుగా గుర్తుంచుకొనవలెను.

"బదిలీ" అనగా అమ్మకము మాత్రమే కాదు

"అమ్మలేదు, ఊరకే ఇచ్చినాను" అనియు, "ఇవ్వలేదు, పంట కోఁతల వఱకు వాడుకొమ్మన్నాను" అనియు చెప్పువారు కలరు. ఈ మాట చెల్లదు. బదిలీ యనగా ఏమియో చట్టమే తన రెండవ సెక్షనులో వివరించినది. బాడుగకు ఇచ్చుట, ఎరువిచ్చుట, దానముగా ఇచ్చుట, తన స్వాధీనము నుండి విడిచిపెట్టుట, ఇవన్నియు బదిలీలే. ధర పుచ్చుకొన్నను, పుచ్చుకొనకున్నను నియమమొక్కటే. పెండ్లికి కానుకగా ఇచ్చినను బదిలీయే.

దీనికి చిన్న మినహాయింపు కలదు. లైసెన్సుదారుడు ప్రక్కనున్నపుడు గాని, అతని వ్రాతపూర్వకమైన అనుమతితో గాని, మరమ్మతునకో, లైసెన్సు మరల క్రొత్తపఱచుకొనుటకో, ఆ లైసెన్సుదారుని ఉపయోగమునకో మఱియొకరు తుపాకిని మోసికొనిపోవచ్చును. ఆ పని అయిన వెంటనే తుపాకి తిరిగి యజమానిని చేరవలెను. ఈ మినహాయింపును అడ్డుపెట్టుకొని తుపాకిని మిత్రుని యింట ఉంచుట కుదరదు.

ఎవరికి ఇయ్యవచ్చును? ఎవరికి ఇయ్యరాదు?

వ్యాపారి కానివాడు తన స్వంతమునకై న్యాయముగా ఉంచుకొన్న తుపాకిని అమ్ముటకు ప్రత్యేకముగా వ్యాపారపు లైసెన్సు అక్కఱలేదని ఐదవ సెక్షను చెప్పుచున్నది. కాని పుచ్చుకొనువాడు దానిని ఉంచుకొనుటకు చట్టప్రకారము అర్హుడై యుండవలెను. అనగా ఆ తరగతి తుపాకికి లైసెన్సు అతని చేతిలో ఉండవలెను. "అర్జీ పెట్టినాను" అనుట లైసెన్సు కాదు. అర్జీ పరిశీలనలో ఉన్నంతకాలము అతడు లైసెన్సు లేనివాడే. మన ఉదాహరణములోని మొదటి తప్పు ఇదియే.

తొమ్మిదవ సెక్షను కొందఱికి తుపాకి ఇచ్చుటను పూర్తిగా నిషేధించినది. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు, దౌర్జన్యముతో గాని నీతిబాహ్యమైన నడతతో గాని కూడిన నేరమునకు శిక్షపడి, శిక్ష ముగిసిన పిమ్మట ఐదేండ్లు గడువనివారు, శాంతికిని సత్ప్రవర్తనకును కోర్టువారు ముచ్చిలిక వ్రాయించుకొన్నవారు ఆ ముచ్చిలిక గడువు ముగియువఱకు, మతిస్థిమితము లేనివారు, వీరికి తుపాకి ఇయ్యరాదు. పుచ్చుకొనువాడు ఇట్టివాడని తెలిసియు ఇచ్చినను, అట్లు తలచుటకు తగిన కారణముండియు ఇచ్చినను ఇచ్చినవాడు నేరస్థుడే యగును. "నాకు తెలియదు" అనుటకు ముందు, తెలిసికొనుటకు ప్రయత్నించితినా అని ప్రశ్నించుకొనవలెను.

నలువదియైదు దినముల నియమము

పుచ్చుకొనువానికి లైసెన్సు ఉన్నను వెంటనే చేతిలో పెట్టరాదు. అమ్మదలచినవాడు తన జిల్లా మేజిస్ట్రేటునకు గాని, సమీప పోలీసు స్టేషను అధికారికి గాని వ్రాతమూలకముగా తెలియజేయవలెను. ఆ వ్రాతలో ఏ తుపాకిని, ఎన్ని తూటాలను ఇయ్యదలచినాడో, ఎవరికి ఇయ్యదలచినాడో, ఆ వ్యక్తి పేరు, చిరునామా స్పష్టముగా నుండవలెను. ఆ విధముగా తెలియజేసిన పిమ్మట నలువదియైదు దినములు గడువవలెను. అంతవఱకు తుపాకి పాత యజమాని యింటనే ఉండవలెను.

ఈ గడువు స్నేహితుని అనుమానించుటకు పెట్టినది కాదు. కావలసినవానికి తుపాకి చేరినదా, నిషేధింపబడినవానికి చేరుచున్నదా అని అధికారులు విచారించుటకు వ్యవధి కావలెను. పుచ్చుకొనువాడు పొరుగు రాష్ట్రమువాడైనపుడు ఒక జిల్లా నుండి మఱియొక జిల్లాకు ఉత్తరములు నడువవలెను గనుక ఈ వ్యవధి మఱింత అవసరము. చెప్పక ఇచ్చినను, చెప్పి గడువు తీఱకముందే ఇచ్చినను ఆరు నెలల వఱకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇది పుచ్చుకొనువానికి లైసెన్సు ఉన్నపుడు సైతము వర్తించును.

సరిహద్దు దాటుట

మిత్రునికి లైసెన్సు కలదు, నలువదియైదు దినములును గడిచినవి అనుకొందము. ఇక తుపాకి అనంతపురము నుండి బళ్ళారికి పోవలెను. మిత్రుని లైసెన్సు కర్ణాటకమునకు మాత్రమే చెల్లునదైనచో, అనంతపురము జిల్లాలో అతడు ఆ తుపాకిని పట్టుకొన్న క్షణమున లైసెన్సు లేనివానితో సమానుడగును. యజమాని లైసెన్సు తన రాష్ట్రమునకు మాత్రమే చెల్లునదైనచో, సరిహద్దు దాటిన పిమ్మట ఆయన గతియు అంతియే. కనుక ఇరువురి లైసెన్సులను ముందుగా చదివి, దారి పొడవునను ఎవరి లైసెన్సు చెల్లునో నిశ్చయించుకొనవలెను. ఏదియు చెల్లనిచో లైసెన్సు నిచ్చిన అధికారులకు అర్జీ పెట్టి, వ్రాతపూర్వకమైన అనుమతి పొందిన పిదపనే కదలవలెను. లైసెన్సు గల ఆయుధ వ్యాపారి ద్వారా బదిలీ జరుపుట మఱియొక మార్గము. వ్యాపారి పుస్తకములలో రాకపోకలు నమోదగును గనుక తరువాత వివాదమునకు తావుండదు.

ఏ మార్గమున పోయినను తూటాలు తీసి, తుపాకిని సంచిలో నుంచి, లైసెన్సును వెంటనుంచుకొని ప్రయాణము చేయవలెను. గోనెసంచిలో దాచుకొని పోవుట తప్పును ఒప్పుకొన్నట్లే కనిపించును.

చేయవలసిన పనుల క్రమము

మన వృద్ధ రైతు ఆ తుపాకిని మిత్రునికే ఇయ్యదలచినచో ఈ విధముగా నడువవలెను.

1. ముందుగా తన లైసెన్సును చూచుకొనవలెను. గడువున్నదా, తుపాకిపై చెక్కిన సంఖ్యయు లైసెన్సులోని సంఖ్యయు సరిపోవుచున్నవా, లైసెన్సునకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉన్నదా అని పరిశీలింపవలెను. సంఖ్య చెరిపివేయబడిన తుపాకిని, తయారుచేసినవాని పేరు లేని తుపాకిని అమ్ముట వేఱొక నేరము.

2. మిత్రుడు తన జిల్లా అధికారుల వద్ద లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు ఈ తరగతి తుపాకికి చెల్లవలెను. అతని వద్ద ఇంతకుముందే రెండు తుపాకులున్నచో మూడవదానిని పుచ్చుకొనరాదు.

3. మిత్రుని లైసెన్సు నకలును తెప్పించుకొని, దానిని జతచేసి, జిల్లా మేజిస్ట్రేటునకు గాని సమీప పోలీసు స్టేషనుకు గాని అర్జీ ఇయ్యవలెను. పోలీసు కమిషనరు గల నగరములందు కమిషనరు కార్యాలయమున విచారింపవలెను. అర్జీ ముట్టినట్లు తేదీతో కూడిన రశీదు పుచ్చుకొనవలెను. ఆ తేదీ నుండియే దినములు లెక్కకు వచ్చును.

4. మిత్రుడును తనకు లైసెన్సు నిచ్చిన అధికారికి ఈ సంగతి తెలియజేయుట మంచిది. రెండు జిల్లాలలోను కాగితము ఉన్నచో విచారణ త్వరగా సాగును.

5. నలువదియైదు దినములు గడచిన పిమ్మట, అధికారుల నుండి అభ్యంతరము లేనిచో, పైన చెప్పిన రీతిని తుపాకిని అందజేయవలెను. తూటాలు కూడ ఇచ్చుచున్నచో వాని లెక్కను వ్రాసికొనవలెను. మిత్రుని లైసెన్సులో ఎన్నింటికి అనుమతి యున్నదో అంతకు మించి ఇయ్యరాదు.

6. పిదప మిత్రుడు తుపాకిని తన అధికారులకు చూపి, దాని సంఖ్యను లైసెన్సులో ఎక్కించుకొనవలెను. వృద్ధ రైతు తన లైసెన్సు నుండి ఆ తుపాకిని తీసివేయించుకొనవలెను. ఈ రెండును జరుగనంతవఱకు బదిలీ పూర్తియైనదని తలపరాదు. ప్రభుత్వ పుస్తకములలో తుపాకి ఎవరి పేర నున్నదో, రేపు ఏదైన జరిగినపుడు పోలీసులు మొదట వెదకుకొని వచ్చునది వారి యింటికే.

ఇయ్యకుండ ఉండదలచినచో

తుపాకి వలదనుకొన్నవానికి మిత్రుడొక్కడే గతి కాదు. లైసెన్సుదారునికి డెబ్బది యేండ్లు నిండినను, తుపాకిని ఇరువదియైదేండ్లు ఉంచుకొన్నను, తాను సూచించిన వారసునికి లైసెన్సు ఇయ్యుమని కోరవచ్చునని 2016 నియమావళి చెప్పుచున్నది. లైసెన్సుదారుడు మరణించినపుడు వారసులలో ఒకరు ఇట్లే అర్జీ పెట్టుకొనవచ్చును. అయితే వారసత్వము చేత తుపాకి హక్కు తనంతట రాదు. వారసుడును అర్హుడై, విచారణకు నిలిచి, తన పేర లైసెన్సు పొందవలసినదే.

లైసెన్సు వచ్చువఱకు తుపాకిని ఇంట ఉంచరాదు. సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని ఆలస్యము చేయక అప్పగించి రశీదు పొందవలెనని ఇరువదియొకటవ సెక్షను విధించుచున్నది. అప్పగించినంత మాత్రమున సొత్తు పోదు. గడువు లోపల లైసెన్సు తెచ్చుకొన్నచో తిరిగి పుచ్చుకొనవచ్చును. లేక అర్హుడైన మఱియొకనికి అమ్మించి ధర పొందవచ్చును. గడువు దాటనిచ్చినచో ప్రభుత్వమునకు జప్తు కావచ్చును. "నాయన తుపాకి, అటక మీదనే పడియున్నది" అను కుటుంబములు ప్రతి మండలములోను ఉండును. ఆ అటక మీది తుపాకి లైసెన్సు లేని తుపాకియే.

శిక్షలు ఎంతటివి?

లైసెన్సు లేక తుపాకి ఉంచుకొన్నవానికి 2019 సవరణ ప్రకారము రెండేండ్లకు తక్కువ కాకుండ ఐదేండ్ల వఱకు జైలుశిక్షయు, జరిమానాయు పడును. ఐదవ సెక్షనునకు విరుద్ధముగా ఆయుధములను అమ్ముట, బదిలీ చేయుట మొదలగు నేరములకు ఏడేండ్లకు తక్కువ కాకుండ యావజ్జీవము వఱకు శిక్ష విధింపవచ్చును. మన ఉదాహరణములో మిత్రుడు మొదటి నేరమునకును, డెబ్బది రెండేండ్ల రైతు రెండవ నేరమునకును గురియగుదురు. స్టాంపు కాగితము వారిని రక్షింపదు. పైగా బదిలీ జరిగినదనుటకు అదియే సాక్ష్యమగును. దానిపై సంతకము చేసిన వార్డు సభ్యుడు కోర్టు మెట్లెక్కి సమాధానము చెప్పవలసి వచ్చును.

పెండ్లిండ్లలోను, ఊరేగింపులలోను సంబరమునకై తుపాకి పేల్చి ఇతరుల ప్రాణములకు అపాయము కలిగించుట సైతము 2019 నుండి ప్రత్యేక నేరము. రెండేండ్ల వఱకు జైలు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని పడును.

పంచాయతీ చేయగలది, చేయరానిది

తుపాకి బదిలీకి అనుమతి నిచ్చు అధికారము పంచాయతీకి లేదు. తీర్మానము చేసినను, ముద్ర వేసినను అది లైసెన్సు కాజాలదు. కనుక తుపాకి అమ్మకపు చీటిపై సభ్యులు సాక్షి సంతకము చేయకుండుటయే క్షేమము. "ముందు అర్జీ ఇచ్చి రశీదు తెమ్ము" అని చెప్పి పంపుట అడిగినవానికి చేసిన మేలే గాని తిరస్కారము కాదు.

లైసెన్సు అర్జీలపై పోలీసులు విచారణకు వచ్చినపుడు ఊరివారిని ప్రశ్నింతురు. అపుడు సభ్యుడు చెప్పు మాట విలువైనది. అర్జీదారుడు త్రాగి భార్యాబిడ్డలను కొట్టువాడైనను, దాయాదులతో గట్టు తగవులలో కత్తులు దూసినవాడైనను, మొగమాటమునకు "మంచివాడే" అనరాదు. ఆ ఒక్కమాట వలన ఒక యింట ప్రాణము పోవచ్చును. అట్లే కక్షచేత మంచివానిని చెడ్డవాడనియు చెప్పరాదు. బీదవాడు, ఆస్తి లేనివాడు అను కారణము చేత మాత్రమే లైసెన్సు నిరాకరింపరాదని చట్టమే చెప్పుచున్నది. నిరాకరింపబడినవాడు పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును.

పంట కాపుదలకై తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రమున అడవి జంతువులను చంపు హక్కు రాదు. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేఱుగా కలదు. కొల్లేరు, పాకాల వంటి అభయారణ్యములకు పది కిలోమీటర్ల లోపలి గ్రామములలో వన్యప్రాణి శాఖ ముఖ్యాధికారి ముందస్తు సమ్మతి లేక క్రొత్త తుపాకి లైసెన్సు ఇయ్యరాదు. ఆ గ్రామముల సభ్యులు ఈ సంగతిని తమవారికి తెలుపవలెను.

ఆయుధముల చట్టము క్రింద నేరము జరిగినట్లు ఎఱిగినవారు, తగిన కారణము లేనిదే మౌనముగా నుండక, సమీప పోలీసు స్టేషనునకో మేజిస్ట్రేటునకో తెలుపవలెనని ముప్పదియాఱవ సెక్షను శాసించుచున్నది. బావి త్రవ్వునపుడో, పాతయిల్లు పడగొట్టునపుడో తుపాకి దొరకినచో దానిని ముట్టక, పేల్చి చూడక, స్టేషనునకు కబురు పంపవలెను.

సమావేశమున చర్చించుటకు

ఈ పాఠమును చదివిన పిమ్మట సభ్యులు తమలో తాము ఈ ప్రశ్నలను చర్చించుకొందురు గాక.

1. మన గ్రామములో లైసెన్సు గల తుపాకులు ఎన్ని కలవు? వానిలో యజమాని మరణించినవి, గడువు తీఱినవి కలవా?

2. ఒక రైతు తన తుపాకిని పొరుగు రాష్ట్రమందున్న అల్లునికి నెల దినములు ఎరువిచ్చినాడు. ఇది బదిలీ యగునా?

3. పుచ్చుకొనువానికి లైసెన్సు కలదు, కాని అర్జీ ఇచ్చి ముప్పది దినములే అయినది. తుపాకి ఇయ్యవచ్చునా?

4. మిత్రుని లైసెన్సు అతని రాష్ట్రమునకు మాత్రమే చెల్లును. తుపాకిని అతని ఊరికి చేర్చు ఉపాయమేది?

ఆ వృద్ధ రైతును, ఆయన మిత్రుని మరల తలచుకొందము. వారి చెలిమికి చట్టము అడ్డు రాలేదు. మిత్రుడు లైసెన్సు తెచ్చుకొనువఱకు ఆగి, ఒక్క అర్జీ వ్రాసి, నలువదియైదు దినములు ఓర్చుకొన్నచో అదే తుపాకి, అదే ధరకు, అదే చేతికి న్యాయముగా చేరియుండెడిది. ఓర్పునకు వెల కొన్ని వారములు, తొందరపాటునకు వెల కొన్ని యేండ్ల చెఱసాల. ఈ మాటను అడిగినవానికి సకాలమున చెప్పగల సభ్యుడొకడు ప్రతి గ్రామమునను ఉండవలెనని మా కోరిక.